కోడలి లైసెన్సు పరీక్ష, నా హోదా

కెనడాలోని సర్రీలో మా ఇంటి నుంచి స్కైట్రైన్ స్టేషన్ దాకా నడిచి వెళితే దారిలో నలభై ముగ్గురు ఇళ్ళ ఏజెంట్లు నన్ను చూసి నవ్వుతారు. ఎండయినా వానయినా ఆ నవ్వులో తేడా ఉండదు. ఇలా మొదలుపెడితే నేనేదో ఈ ఊరికి కావలసినవాడినని మీరు అనుకుంటారు కాబట్టి ఇక్కడే ఒప్పేసుకుంటాను. వాళ్ళు మనుషులు కారు. బస్సు స్టాపుల్లో బెంచీల వీపు మీద అతికించిన ఫొటోలు. నలభై ముగ్గురు కూడా కారు, తొమ్మిది మంది. అందులో ఒకావిడ రెండు బెంచీల మీద ఉంది కాబట్టి ఎనిమిది.

ఈ ఊళ్ళో ఇళ్ళు అమ్మిపెట్టని మనిషి దొరకడం కష్టం. మా కారుకు ఇన్సూరెన్సు రాసిన ఆయన ఇళ్ళ ఏజెంటు. పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల మీద కూర్చునే అమ్మాయి శని, ఆదివారాలు ఇళ్ళ ఏజెంటు. ఇంట్లోనే దోసెలు వేసి అమ్మే ఒక తెలుగావిడ పొట్లంతో పాటు పచ్చడి డబ్బా, దాని కింద తన కార్డు పెట్టి ఇస్తుంది. ఆ కార్డు మీద ఆవిడ నల్లకోటు వేసుకుని, చేతులు కట్టుకుని, ఎవరినో క్షమిస్తున్నట్టు నవ్వుతూ ఉంటుంది. దోసె మాత్రం ఆ చేతులతో వేసినట్టు అనిపించదు, అంత బాగుంటుంది.

ఆ వరసలో ఇంకొక ఫొటో మా కోడలిది కావాలని మా ఇంట్లో నిర్ణయం జరిగింది. నిర్ణయం నాదేనని చాలామందికి చెప్పాను. నిజానికి ఆ మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాను. లేచేసరికి కోడలు కోర్సుకు చేరిపోయింది.

తను తొమ్మిదేళ్ళు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం తన పని. ఒక మంగళవారం ఉదయం ఆ టీమ్ మొత్తాన్ని వీడియో కాల్‌కి పిలిచి, పావుగంటలో అందరినీ ఇంటికి పంపేశారు. తను అప్పటికే ఇంట్లో ఉంది కాబట్టి ఎక్కడికి పంపారో నాకు కాసేపు అర్థం కాలేదు. ఎనిమిది నెలలు అప్లికేషన్లు పెట్టింది. జవాబు వచ్చిన ప్రతిసారీ అది జవాబే, ఉద్యోగం కాదు. మొదట్లో పొద్దున్నే తయారై ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది. తర్వాత తర్వాత తల దువ్వుకోవడం మానేసింది. చివరికి, ఊళ్ళో ఇళ్ళ ఏజెన్సీ నడిపే ఒకావిడ పరిచయమైంది. తెలుగువాళ్ళు ఇళ్ళు కొంటున్నారు, తెలుగు మాట్లాడే మనిషి ఒకరు కావాలని ఆవిడ చూస్తోంది. "వేసవి లోపల లైసెన్సు తెచ్చుకో, నా ఆఫీసులో నీకు ఒక కుర్చీ ఉంచుతాను" అంది. ఆ మాట విన్న సాయంత్రం కోడలు తల దువ్వుకుని కిందికి వచ్చింది.

లైసెన్సుకు పరీక్ష ఉంది. నాలుగేసి జవాబుల ప్రశ్నలు, నూటికి డెబ్బై రావాలి. పోతే ఇంకొక్కసారి రాయనిస్తారు. అదీ పోతే కోర్సు మొదటి నుంచి మళ్ళీ. అప్పటిదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉండదు.

ఇక నా సంగతి. ఇక్కడి తెలుగువాళ్ళలో నన్ను "సబ్ రిజిస్ట్రార్ గారు" అంటారు. ముప్పై నాలుగేళ్ళు గోదావరి వైపు ఒక ఊళ్ళో రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర గడిపి వచ్చాను. నా చేతి మీదుగా సగం జిల్లా యజమానులు మారారు. సగం జిల్లా అంటే రెండు మండలాలు. ఆ రెండింటిలోనూ పెద్ద ఆసాములు వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళేవారు.

ఇంకొంచెం కూడా చెప్పేస్తే గాని ఈ కథ ముందుకు నడవదు. నేను సబ్ రిజిస్ట్రార్‌ని కాను. ఆ ఆఫీసులో గుమాస్తాను కాను, అటెండరుని కూడా కాను. ఆఫీసు ప్రహరీ గోడకు బయట, రేకుల షెడ్డు కింద, ఒక బల్లా ఒక టైపు మిషనూ పెట్టుకుని జనానికి దస్తావేజులు రాసి పెట్టేవాణ్ణి. డాక్యుమెంట్ రైటర్‌ని. అసలు సబ్ రిజిస్ట్రార్లు నా కళ్ళ ముందు పద్ధెనిమిది మంది మారారు. అందులో ఇద్దరికి నా ముఖం తెలుసు.

మరి ఆ హోదా ఎలా వచ్చిందంటే, తల ఊపడం వల్ల వచ్చింది. పదకొండేళ్ళ కిందట మా అబ్బాయికి సంబంధం చూడటానికి వెళ్ళినప్పుడు మధ్యవర్తి, "అబ్బాయి నాన్నగారు రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర" అన్నాడు. పిల్ల తండ్రి హైస్కూలు హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. ముఖం విప్పారి, "సబ్ రిజిస్ట్రారా అండీ?" అన్నారు. నా నోట్లో కాజా ఉంది. పాకం కారుతోంది. తల ఊపాను. నమిలి మింగిన తర్వాత చెబుదామనుకున్నాను. ఈలోగా ఆయన లేచి నాకు కుర్చీ మార్చారు, మెత్తటిది వేశారు. అంత మెత్తటి కుర్చీలో కూర్చుని రేకుల షెడ్డు గురించి మాట్లాడటం నా వల్ల కాలేదు. శుభలేఖలో నా పేరు కింద "సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం" అని మాత్రమే వేయించాను. ఆ కార్యాలయంలో నేనేం చేస్తానో వేయించలేదు. చూశారా, అబద్ధం రాయలేదని ఇప్పటికీ వాదించగలను.

మా అబ్బాయికి నిజం తెలుసు. వాడు తన వ్యవహారం కాదన్నట్టు ఊరుకున్నాడు. మా ఆవిడకు తెలుసు. మేమిద్దరమే ఉన్నప్పుడు "రిజిస్ట్రారు గారూ, చెత్తబుట్ట బయట పెట్టారా" అని అడుగుతుంది. కోడలికి మాత్రం తెలియదు.

అలాంటి నేను కోడలి పరీక్షకు మాస్టారుగా కుదిరాను. తను అడగలేదు. వంటింటి బల్ల మీద ఇటుకంత పుస్తకం పరిచి కూర్చుంటే, టీ కప్పుతో ఎదురుగా నేనే కూర్చున్నాను.

"ఇవన్నీ నాకు కొట్టినపిండి అమ్మా" అన్నాను.

"ఇది కెనడా లా కదా మామయ్య గారూ."

"చట్టాలన్నీ ఇంగ్లీషువాడు పెట్టినవే. మనకీ వీళ్ళకీ తల్లి ఒకటే. నువ్వు అడుగు."

మొదటి రోజు ఇంట్లో దాగి ఉండే లోపాల గురించి వచ్చింది. కొనేవాళ్ళకు తప్పకుండా చెప్పవలసిన లోపం ఏది అని ప్రశ్న. గోడకు రంగు వెలిసిపోవడం, ఇంటికి ఎదురుగా రోడ్డు వచ్చి ఆగడం, కార్పెట్ కింద నీళ్ళు ఊరే పునాది పగులు, పక్కింటి కుక్క మొరగడం. రెండోది అన్నాను. వీధిపోటు దాచిపెట్టి ఇల్లు అమ్మితే కొన్నవాడు ఊరుకుంటాడా?

"అది వాస్తు మామయ్య గారూ. ఇక్కడ సౌత్ ఫేసింగ్ పెరడు అని అడ్వర్టైజ్‌మెంట్‌లో గొప్పగా వేసుకుంటారు. ఎండ బాగా వస్తుందని."

"దక్షిణాన్నా? గొప్పగానా?"

"అవును. రేటు కూడా పెంచుతారు."

నవ్వి మూడోదే పెట్టింది. అదే సరైనది. నా పాఠాలు అక్కడితో ఆపించి ఉంటే అందరం బాగుపడేవాళ్ళం. కానీ మర్నాడు ఏజెన్సీ చాప్టర్ వచ్చింది. అందులో వాస్తు లేదు. అందుకని నా మాట శాస్త్రంలాగా వినబడింది.

ఒక ఏజెంటు ఇల్లు అమ్మేవాళ్ళ తరఫున పని చేస్తోంది. కొనడానికి వచ్చినవాళ్ళు, మా తరఫున కూడా మీరే ఉండండి అన్నారు. ఆమె ఏం చెయ్యాలి?

"ఇద్దరి పనీ చేసిపెట్టాలి" అన్నాను. "ఇద్దరికీ మనిషి ఒకడే అయితే తగాదా ఎక్కడిది? నేను అమ్మేవాణ్ణి కుడిపక్కన, కొనేవాణ్ణి ఎడమపక్కన కూర్చోబెట్టి ఒకే కాగితం రాసేవాణ్ణి. అమ్మేవాడు ఎంతదాకా దిగుతాడో కొనేవాడి చెవిలో వేస్తే మధ్యాహ్నం భోజనానికల్లా పని అయిపోయేది."

ఈ మాటల్లో కూర్చోబెట్టడం నిజం, చెవిలో వెయ్యడం నిజం. కూర్చోబెట్టినది సబ్ రిజిస్ట్రారు అన్నట్టు వినబడటం మాత్రం నా గొంతు చేసిన పని.

"కానీ ఇక్కడ డ్యూయల్ ఏజెన్సీ బ్యాన్ అని ఉంది మామయ్య గారూ. ఒకళ్ళ సీక్రెట్ ఇంకొకళ్ళకి చెప్తే లైసెన్సే పోతుందట."

"బ్యాన్ అనేది పైకి. లోపల ఎక్కడో ఒక మినహాయింపు ఉంటుంది, చూడు. మినహాయింపు లేని రూలు నా సర్వీసులో చూడలేదు. పరీక్ష పెట్టేవాడు కూడా దాని మీదే అడుగుతాడు."

తను పేజీలు తిప్పింది. వేలు ఒక చోట ఆగింది. "ఉంది. వేరే ఏజెంట్లు లేని బాగా మారుమూల ప్రాంతాల్లో అయితే ఓకే అట."

"చూశావా" అన్నాను.

ఆ రోజు నుంచి ఆ పిల్ల నన్ను పుస్తకం కంటే ఎక్కువ నమ్మింది. నేను సర్వీసు అన్న ప్రతిసారీ మా ఆవిడ స్టౌ దగ్గర గరిటె చప్పుడు కొంచెం పెంచేది. నేను పట్టించుకోలేదు. సంతోషంగా ఉన్నాను. ముప్పై నాలుగేళ్ళు నేను చెబితే రాసుకున్నవాళ్ళు లేరు. ఎవరేం చెప్పినా రాసుకోవడమే నా పని. ఇప్పుడు ఎంబీయే చదివిన అమ్మాయి పసుపుపచ్చ మార్కరు పట్టుకుని నా నోటి వంక చూస్తోంది.

మార్చి నెలలో పరీక్ష రాసి వచ్చింది. వారం తర్వాత ఫలితం మెయిల్‌లో వచ్చింది. అరవై ఏడు.

తను ఏడవలేదు. ల్యాప్‌టాప్ మూసి, బియ్యం కడిగి, కుక్కర్ పెట్టింది. మా అబ్బాయి ఏదో ఓదార్పు మాట అన్నాడు. "మూడే కదా, నెక్స్ట్ టైమ్ వచ్చేస్తాయి" అంది. నాతో మాత్రం వేరే మాట అంది.

"ఏజెన్సీ చాప్టర్‌లోనే పోయినట్టుంది మామయ్య గారూ. మీరు అంత క్లియర్‌గా చెప్పారు. నేనే సరిగ్గా పట్టుకోలేదు. ఈసారి ఇంకా ముందు నుంచి కూర్చుందాం."

నన్ను తిట్టి ఉంటే ఎదురు వాదించేవాణ్ణి, వాదన నాకు వచ్చిన విద్యే. తన బుర్రదే తప్పు అనుకుంటుంటే ఏం వాదించను? అన్నం ముద్ద గొంతు దిగలేదని రాద్దామనుకున్నాను కానీ దిగింది. ఆ రోజు గుత్తివంకాయ. పెరుగన్నం దగ్గర మాత్రం నిజంగానే ఆగిపోయాను.

పైన గదిలోకి వెళ్ళాక మా ఆవిడ మంచం మీద దుప్పటి దులుపుతూ అంది, "చెప్పెయ్యండి."

"ఏం చెప్పను?"

"మీరు ఏ ఆఫీసుకి రిజిస్ట్రారో అది."

"పదకొండేళ్ళయింది. ఇప్పుడు చెబితే ఆ పిల్ల ఏమనుకుంటుంది?"

"ఇప్పుడు ఏమనుకుంటోంది? తను మొద్దు అనుకుంటోంది. మీరు పెద్దవాళ్ళుగా ఉండడానికి ఆ పిల్ల మొద్దు అవ్వాలా?"

మా ఆవిడ ఐదో తరగతి దాకా చదువుకుంది. ఏడో తరగతి అని ఎక్కడైనా రాసి ఉంటే అదీ నేనే. ఆ ప్రశ్నకు నాలుగు జవాబులు లేవు, ఒకటే ఉంది. అయినా దాన్ని ఎంచుకోలేదు. దొడ్డిదారులు వెతికాను. మోకాళ్ళ నొప్పి అన్నాను. చెవి సరిగా వినబడటం లేదన్నాను. చదువుకునే వేళకు వాకింగ్ పెట్టుకున్నాను. రెండో రోజు పార్కులో నడుస్తుంటే వెనక నుంచి గొడుగు ఒకటి వచ్చి నా తల మీద ఆగింది. కోడలు. రెండో చేతిలో ప్రశ్నలు రాసుకున్న అట్టముక్కలు.

"నడుస్తూ అడుగుతా మామయ్య గారూ. మీకు వాకింగ్ అవుతుంది, నాకు రివిజన్ అవుతుంది."

రెండో పరీక్షకు పదమూడు రోజులు ఉన్నాయి. పార్కు చుట్టూ రెండుసార్లు తిరిగేసరికి ఎనిమిది ప్రశ్నలు అడిగింది. ప్రతి దానికీ ముందు తను సరైన జవాబు చెప్పడం, నా ముఖం చూడటం, "కానీ ఎక్సెప్షన్ ఉంటుందేమో కదా" అని తనే మార్చుకోవడం. నేను నోరు తెరవలేదు. తెరవక్కర్లేకుండా పోయింది, నా విద్య తనకు పూర్తిగా అబ్బింది.

ఆ శనివారం పెరుగు, కరివేపాకు తేవడానికి ఇండియన్ స్టోర్‌కి తన కారులో వెళ్ళాం. పార్కింగ్‌లో ఆగేసరికి వాన ఎక్కువైంది. కాస్త తగ్గాక దిగుదామని కూర్చున్నాం. వైపర్లు ఆపేసింది. అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. ఎదురుగా మనిషి ముఖం చూడనక్కర్లేని చోటు అంతకంటే దొరకదనిపించింది.

"అమ్మాయ్, ఒక సంగతి" అన్నాను. "నేను పూర్తి సబ్ రిజిస్ట్రార్‌ని కాదు."

ఇది నా ఒప్పుకోలు. పూర్తి అనే మాట అందులోకి ఎలా దూరిందో నాకే తెలియదు.

"అంటే? జాయింట్ సబ్ రిజిస్ట్రారా?"

"ఇంకా కింద."

"సీనియర్ అసిస్టెంటా?"

"ఇంకా."

"జూనియర్... టైపిస్టా?"

"టైపు చేసేవాణ్ణి. ఆఫీసుకి కాదు. బయట."

"బయటంటే ఏ సెక్షన్ మామయ్య గారూ?"

"బయటంటే బయటే అమ్మా. ప్రహరీ గోడ అవతల. రేకుల షెడ్డు. డాక్యుమెంట్ రైటర్‌ని. చట్టం నేను చదవలేదు. పక్క బల్ల ఆయన రాసింది చూసి రాసేవాణ్ణి. ఆ మినహాయింపుల సంగతి కూడా నేను కనిపెట్టిందే. నీకు వచ్చిన జవాబులు నీవే, కరెక్టు. నా మాట వినకు."

తను స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపో చెప్పలేను. గంట అని రాస్తే బాగుంటుంది. రెండు నిమిషాలు అయి ఉంటుంది.

"మా నాన్నకి తెలుసా?"

"తెలియదు."

"ఆయనకి?" అంటే మా అబ్బాయి.

"తెలుసు."

అప్పుడు నా వైపు తిరిగింది. "ఎగ్జామ్‌లో నేను పదకొండు ఆన్సర్లు మార్చాను మామయ్య గారూ. ముందు కరెక్ట్‌గా పెట్టి, మీ మాట గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళి మార్చాను. పదకొండు. నాకు గుర్తున్నాయి అన్నీ."

అరవై ఏడుకు ఆ పదకొండు కలిపితే ఎంతో నాకు లెక్క చెప్పనవసరం లేదు. ఏజెన్సీలో తనకోసం ఉంచిన కుర్చీని నేను తీసి దాచాను, అంతే.

"వాన తగ్గింది, వెళ్ళి పెరుగు తెండి" అంది. తగ్గలేదు. వెళ్ళాను. కరివేపాకు మరిచిపోయాను.

తర్వాత మూడు రోజులు నాతో అవసరమైన మాటలే. అన్నం పెట్టనా, మందులు వేసుకున్నారా. పుస్తకం తీసుకుని లైబ్రరీకి వెళ్ళిపోయేది. మొదటి రోజు సాయంత్రం తలుపు వేసుకుని మా అబ్బాయితో మాట్లాడింది. ఏం మాట్లాడిందో తెలియదు కానీ వాడు బయటికి వచ్చి నా వంక చూసిన చూపు, వాడు పదో తరగతి లెక్కల్లో ఫెయిలైనప్పుడు నేను వాడిని చూసిన చూపే. మా ఆవిడ మాత్రం ఆ మూడు రోజులూ నన్ను రిజిస్ట్రారు గారూ అనలేదు. అందులో ఒక మర్యాద ఉంది.

నాలుగో రోజు పొద్దున కోడలు వంటింటి బల్ల మీద మాక్ టెస్టు కాగితాలు పెట్టి నా ముందుకు తోసింది.

"చదవండి. చదవడం వరకే. ఆన్సర్ చెప్పొద్దు."

"సరే."

"ముఖం కూడా పెట్టొద్దు."

ప్రశ్న, నాలుగు జవాబులు చదువుతాను. తను కళ్ళు మూసుకుని వింటుంది. అరగంట గడిచేసరికి చకచకా చెప్పేస్తోంది. ఇరవైకి పంతొమ్మిది. నా పాఠం ఆగిపోతే ఇంత తేడానా అనుకున్నాను. తర్వాత తనే చెప్పింది.

"మీకు నచ్చిన ఆప్షన్ దగ్గర మీ గొంతు లేస్తుంది మామయ్య గారూ. ముందు దాన్ని కొట్టేస్తున్నా. మూడే మిగులుతాయి."

స్టౌ దగ్గర మా ఆవిడ నవ్వింది. నేను కావాలని వేరే జవాబు దగ్గర గొంతు లేపి చూశాను. "అది దొంగది, మూడోది నిజంగా లేచింది" అని దాన్నీ పట్టేసింది. తొమ్మిదేళ్ళు తప్పులు పట్టే ఉద్యోగం ఊరికే చేయలేదు.

నా అనుభవం ఒక్కచోట పనికొచ్చింది. స్థలం కాగితం నమూనా ఒకటి ఇచ్చి, ఇందులో కొనేవాళ్ళు గమనించవలసింది ఏమిటని అడిగారు. చదువుతూ చదువుతూ చివర ఉన్న ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పక్క స్థలం వాళ్ళకు ఈ స్థలంలోంచి నడిచే హక్కు ఎప్పుడో రాసిచ్చారు. ఇల్లు ఎన్ని చేతులు మారినా ఆ దారి పోదు. మన వైపు దస్తావేజుల్లో ఇలాంటి దారి హక్కు ఒక్క ముక్క రాయడం మరిచిపోయి అన్నదమ్ములు కోర్టుల పాలవడం నేను చూశాను. అందులో ఒక కాగితం నేను రాసిందే. ఆ అన్నదమ్ముల్లో పెద్దన్నయ్య ఏడాది తర్వాత షెడ్డుకు వచ్చి నా బల్ల ముందు ఊరికే నిలబడి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ప్రతి కాగితంలోనూ మొదట దారి సంగతి అడిగేవాణ్ణి.

చెప్పొద్దన్నా చెప్పాను. ఆ పెద్దన్నయ్య సంగతి కూడా చెప్పాను. ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు. తను పుస్తకం తెరిచి సరిచూసుకుంది. చాలాసేపు సరిచూసుకుంది.

"కరెక్టే" అంది. తర్వాత మెల్లగా, "ఇలాంటివి చెప్పి ఉంటే సరిపోయేది కదా మామయ్య గారూ" అంది.

రెండోసారి పరీక్షకు తను ఒక్కతే వెళ్ళింది. ఫలితం వచ్చిన రోజు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి చూపించింది. ఎనభై ఐదు. తొంభై అని ఇప్పటికి నలుగురికి చెప్పాను. వాళ్ళు ఇది చదివితే ఐదు తీసేసుకోవాలి. ఏజెన్సీ ఆవిడకు ఫోను చేసింది. కుర్చీ ఉంది. ఆ సాయంత్రం వాళ్ళ నాన్నగారికి వీడియో కాల్ చేసి పాసయ్యానని చెప్పి, "మామయ్య గారు మీతో ఏదో మాట్లాడతారట" అని ఫోను నా చేతికి ఇచ్చి పక్కకు వెళ్ళిపోయింది. ఆ హెడ్మాస్టరు గారితో మాట్లాడింది ఇక్కడ రాయను. ఆయన కోప్పడలేదు. చాలాసేపు తన కళ్ళజోడు తుడుచుకున్నారు. అది కోపం కంటే ఎక్కువసేపు పట్టింది.

తర్వాతి ఆదివారం కమ్యూనిటీ హాల్లో తెలుగువాళ్ళ భోజనాలు. తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినడం. వరసలో నిలబడి ఉండగా ఒకాయన పులిహోర గరిటెతో నా వైపు తిరిగి, "రండి సబ్ రిజిస్ట్రార్ గారూ, మీరు ముందు" అన్నారు. పక్కన కోడలు ప్లేటు పట్టుకుని ఉంది. నన్ను చూడలేదు. పులిహోరలోని పల్లీలు చూస్తోంది.

"సబ్ రిజిస్ట్రార్‌ని కాదండీ" అన్నాను. "ఆ ఆఫీసు బయట డాక్యుమెంట్లు రాసేవాణ్ణి."

ఆయన గరిటె ఆపి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అన్నారు, "చూశారా, అంత పోస్టులో చేసి కూడా ఎంత సింపుల్‌గా చెప్పుకుంటున్నారో. ఈ రోజుల్లో ఎవరండీ ఇలా ఉండేది."

"నిజంగానే అండీ. రేకుల షెడ్డు."

"అబ్బే, మీరు మరీను" అని నా ప్లేటులో రెండు గరిటెలు ఎక్కువ వేశారు. వెనక ఉన్నావిడ తన పిల్లవాడిని నాకు నమస్కారం పెట్టమంది. ఒక గంటలో నేను ఆ హాల్లో సబ్ రిజిస్ట్రార్ స్థాయి నుంచి జిల్లా రిజిస్ట్రార్ స్థాయికి ఎదిగాను. ముప్పై నాలుగేళ్ళలో రాని ప్రమోషను నిజం చెప్పడం వల్ల వచ్చింది.

ఇంటికి వస్తూ కారులో కోడలితో మొర పెట్టుకున్నాను. "చెప్పానమ్మా, రెండుసార్లు చెప్పాను. ఎవరూ నమ్మరే."

"నోటిమాట చెల్లదు మామయ్య గారూ" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "డిస్‌క్లోజర్ అంటే రాసి ఇవ్వాలి. స్పష్టంగా, చదివినవాళ్ళకి డౌట్ రాకుండా."

"ఎవరికి ఇవ్వాలి?"

"ఎవరెవర్ని నమ్మించారో అందరికీ."

అంతమందికి విడివిడిగా రాయలేను కాబట్టి ఇది రాశాను. పెళ్ళిచూపుల్లో నాకు మెత్తటి కుర్చీ వేసినవాళ్ళు, సర్రీలో నన్ను వరసలో ముందుకు పంపినవాళ్ళు, నా మాట విని ఎక్కడైనా మినహాయింపు వెతికినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళు, దీన్ని తమకు అందినట్టు భావించాలి. కోడలు చదివి, ఒకచోట అంకె తగ్గించమంది. తగ్గించాను. సాక్షిగా సంతకం పెడతానని మా ఆవిడ కలం అడిగింది. ముందు చదవమన్నాను. చదవక్కర్లేదట. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ రేకుల కిందికి అన్నం క్యారేజీ మోసుకొచ్చింది తనేనట.